గుట్ట వాలులో మామిడి అంట్లు: తేమ నిలిచేదెట్లా?

చంద్రగిరి పక్కన గుట్ట వాలులో మూడెకరాలు మాది. నిరుడు 120 తోతాపురి అంట్లు నాటినాను. అక్టోబరు, నవంబరు వానలకు పైమన్నంతా కొట్టుకుపోయింది. ఎండాకాలం బిందెలతో మోసి పోసినా 30 అంట్లు ఎండిపోయినాయి. చూస్తే కడుపు తరుక్కుపోతాంది. ఏం చేయాలన్నా?

జవాబు: తమ్ముడూ, ముందు నీళ్లను ఆపు, ఎరువు తర్వాత. మాదీ పలమనేరు పక్క గుట్ట చేనే. ప్రతి అంటుకూ దిగువ పక్క అర్ధచంద్రంలా కట్ట వెయ్యి, నోరు ఎగువకుండాల. వాలుకు అడ్డంగా కందకాలు తియ్యి, తీసిన మన్ను దిగువనే పొయ్యి. కందకం ఒకే మట్టంలో పోవాల, లేదంటే నీళ్లు ఒకచోట చేరి తెగుతుంది. మూడు కట్టెలు ఇంగ్లీషు ‘ఏ’ అక్షరంలా కట్టి, పైకొన నుంచి దారంతో రాయి వేలాడదీయి. దారం అడ్డకట్టె నడిమికొస్తే రెండు కాళ్లూ ఒకే మట్టంలో ఉన్నట్టు. నేను అట్లే చేసినా.

జవాబు: పాదుల్లో చెనక్కాయ పొట్టు, ఎండాకు మందంగా పరచు నాయనా. మొదలుకు ఆనించొద్దు, జానెడు ఎడం వదులు. పచ్చి పేడ అసలొద్దు, చెదలు పడతాయి. ఎరువుకైతే ఆకు, పొట్టు, పేడనీళ్లు వరసలుగా గుంతలో వేసి, నెలకొకసారి తిరగెయ్యి. పిడికిట్లో పిండితే చెమ్మ తగలాల, నీళ్లు కారకూడదు.

సరే అన్నా, అక్కా. కందకాలు వానలకు ముందే మొదలుపెడతా.