జీడితోటలో స్వేచ్ఛగా చదువు: గుణుపురంలో మొదలుపెడదామా, వద్దా?

వంశధార గట్టు (గుణుపురం)

మాది ఒడిశాలోని గుణుపురం. ఇక్కడ నాలుగైదు కుటుంబాల వాళ్లం కలిసి ఒక ఆలోచన చేస్తున్నాం. మాలో ఒకరికి ఏటి దగ్గర జీడితోట ఉంది. గంటలు, పీరియడ్లు, హోంవర్కు లేకుండా, పిల్లలకు ఏది నేర్చుకోవాలనిపిస్తే అది నేర్చుకునే చోటు అక్కడ పెట్టాలని మా కోరిక. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో సడ్‌బరీ వ్యాలీ స్కూల్ 1968 నుంచి ఇలాగే నడుస్తోంది. చిన్నా పెద్దా అంతా కలిసే ఉంటారు. పిల్లలు అడిగితేనే క్లాసు. బడి నియమాల మీద పిల్లలకూ పెద్దలకూ తలా ఒక ఓటు.

మా అమ్మాయికి ఆరేళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, బళ్లో ఇంగ్లీషు. సాయంత్రం పుస్తకం తీస్తే చాలు, ఏడుపు. మా ఆవిడ సరేనంటోంది. మా అత్తగారు మాత్రం "పిల్లను గాలికొదిలేస్తారా" అని గట్టిగా అడ్డుపడుతున్నారు. మొహమాటం లేకుండా మీ అభిప్రాయం చెప్పండి.

పర్లాకిమిడి మాస్టారు

బాబూ, మీ అత్తగారి భయాన్ని తీసిపారేయకండి. నేను ఒకటి, రెండు తరగతులకు చాలా ఏళ్లు తెలుగు చెప్పాను. మాటలు పిల్లలకు వాటంతటవే వస్తాయి. నలుగురి మధ్య ఉంటే ఒడియా కూడా ఇట్టే పట్టేస్తారు. చదవడం అలా రాదు. అక్షరం మనిషి చేసుకున్నది, ఇంకో మనిషి నేర్పాల్సిందే.

ఒకటో తరగతిలో ఎప్పుడూ కనబడేది చెబుతాను. పిల్లవాడు వాచకం పేజీ గడగడా చదివేస్తాడు. అదే పేజీలో మధ్య మాట మీద వేలు పెట్టి "ఇదేంట్రా" అంటే దిక్కులు చూస్తాడు. పాఠం కంఠతా వచ్చిందే కానీ చదువు రాలేదు. "అక్క" తెలుసు, "చుక్క" అంటే ఆగిపోతాడు, క కింద వత్తు విడిగా గుర్తుపట్టలేడు కాబట్టి. పక్కన కూర్చున్న మనిషికే ఈ సంగతి తెలుస్తుంది. పిల్లవాడు తనకు తానుగా వచ్చి "నాకు వత్తులు రావడం లేదు" అని అడగడు, ఏది రాదో వాడికే తెలియదు మరి.

ఇంకొకటి. మీరు రెండు వేర్వేరు విషయాల్ని కలిపేస్తున్నారు. ఠాగూరు 1901లో శాంతినికేతన్‌లో బడి పెట్టి చెట్ల కింద చదువు చెప్పించారు. చెట్టు కిందే అయినా చెప్పడానికి గురువు ఉన్నాడు, వేళ ఉంది. జర్మనీలో అడవి బాలవాడులు ఉన్నాయి, వాటిలో మొదటి గుర్తింపు 1993లో ఫ్లెన్స్‌బర్గ్‌లో దానికి వచ్చింది. అవి మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకే. ఆ తర్వాత అందరూ మామూలు బడికి వెళ్లాల్సిందే, అక్కడి చట్టం ఇంట్లో చదివించుకోనివ్వదు. చెట్లు కావాలంటే నేను మీతోనే ఉన్నాను. పాఠం పిల్లల ఇష్టానికి వదిలేస్తామంటే మాత్రం ఒప్పుకోను.

రాయగడ అమ్మ

మాస్టారూ, నమస్కారం. వత్తుల సంగతి మీరన్నది నిజమే. కానీ యాభై మంది ఉన్న క్లాసులో ప్రతి పిల్లాడి పక్కనా ఎవరు కూర్చుంటున్నారండీ? మీరు కూర్చుని ఉంటారు. మా వాడి బళ్లో కూర్చోలేదు. మూడో తరగతికి వచ్చినా లెక్కలంటే టెన్షన్‌తో కడుపునొప్పి అనేవాడు.

వేసవిలో మా అమ్మగారి ఊరికి పంపాను. ఇప్పపువ్వు రాలే రోజులు. తెల్లవారకముందే పిల్లలంతా బుట్టలు పట్టుకుని చెట్ల కిందికి పోయేవారు. ఏరినది తరాజులో తూచి, చాపల మీద ఎండబెట్టి, షావుకారుకు అమ్మేవారు. ఎండాక తూస్తే సగం కూడా తూగలేదు. మావాడు షావుకారు మోసం చేస్తున్నాడని గొడవ! వాళ్ల మావయ్య "నువ్వే తూచి చూసుకో" అని పచ్చిపువ్వు ఒక కిలో విడిగా ఇచ్చాడు. రోజూ తూచి గోడ మీద బొగ్గుతో రాసుకున్నాడు. మొదట బాగా తగ్గుతోంది, తర్వాత కొంచెం కొంచెమే తగ్గుతోంది, ఆఖరికి తగ్గడం ఆగిపోయింది. అప్పుడు వాడే అడిగాడు: "అమ్మా, పచ్చిది అమ్మితే లాభమా, ఎండుది అమ్మితే లాభమా?" భాగహారం, శాతం ఆ ప్రశ్నతోనే నేర్పాను. కడుపునొప్పి మాట మళ్లీ ఎత్తలేదు.

తమ్ముడూ, మొదలుపెట్టండి. పిల్లలు అడిగేదాకా ఆగే ఓపిక మాత్రం పెద్దవాళ్లకుండాలి.

పుట్టాసింగి సవర

మాది సవర ఇల్లు, నా తెలుగు గుణుపురం సంతలో నేర్చుకున్నది. అక్క చెప్పిన ఇప్పపువ్వు మా ఇళ్లలో ప్రతి పిల్లా ఏరుతుంది. ఆ పిల్లకు ఎవరూ భాగహారం నేర్పలేదు. మావయ్య కిలో పక్కనపెట్టి ఇచ్చాడు, మీరు శాతం చెప్పారు. అంటే అక్కడ పెద్దవాళ్లు ఇద్దరున్నారు. అది మరిచిపోకండి.

మా పిల్లలకు అడవి కొత్త కాదు. ఏ దుంప తినొచ్చో, ఏది ఉడకబెట్టి నీళ్లు పారబోయాలో ఏడేళ్లకే తెలుసు. బళ్లో ఇవేవీ తెలివి కింద లెక్కకు రావు. నేను చదివిన హాస్టల్లో అయిదింటికి గంట, వరసలో నిలబడటం, సవరలో మాట్లాడితే దెబ్బ. ఇప్పుడు టౌను పిల్లలకు స్వేచ్ఛ కావాలని తోట చూస్తున్నారు. సంతోషమే. ఆ జీడితోట పక్కనున్న గూడెం పిల్లల్ని రానిస్తారా? ఫీజు ఎంత? ఇది చెప్పకుండా చర్చ ఎందుకు?

మాస్టారి ఊళ్లోనే గిడుగు రామమూర్తి గారు సవర నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు. 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. ఒడిశా ప్రభుత్వం కూడా 2007 ప్రాంతంలో సవర, కువి, కుయి లాంటి పది గిరిజన భాషల్లో చిన్న తరగతులు మొదలుపెట్టింది. పిల్ల ఏ భాషలో ఆలోచిస్తుందో ఆ భాష తెలిసిన మనిషి లేనిచోట ఎన్ని చెట్లున్నా లాభం లేదు. ఆ పిల్ల ఏమడుగుతోందో మీకు అర్థమే కాదు.

బరంపురం వకీలు

చట్టం సంగతి చెబుతాను. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 18వ సెక్షన్ ప్రకారం గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా. ఆపకపోతే రోజుకు పదివేల దాకా. కాబట్టి "స్కూలు" అని బోర్డు పెట్టేముందు ఆలోచించండి. మధ్యలో మనసు మారితే దారి మూసుకుపోదు: 4వ సెక్షన్ కింద ఆరేళ్లు దాటిన పిల్లను వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోవాలి. పదో తరగతి పరీక్షకు 14 ఏళ్లు నిండాక ఎన్ఐఓఎస్ (జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ) ద్వారా కట్టుకోవచ్చు.

పర్లాకిమిడి మాస్టారు

సవర తమ్ముడు అన్నదానికి నేను కలిపేదేమీ లేదు. రాయగడ అమ్మగారికి ఒక్క మాట. మీ అబ్బాయికి అప్పటికే అంకెలు రాయడం వచ్చు. బొగ్గుతో రాసుకోగలిగాడంటే ఎవరో ఎప్పుడో దిద్దించినందువల్లే.

రాయగడ అమ్మ

ఒప్పుకుంటాను మాస్టారూ. కానీ అంకెలు నేర్పిన బడే లెక్కలంటే భయం కూడా నేర్పింది. భయం లేకుండా దిద్దించే చోటు ఉంటే చూపించండి, తోట గొడవే వదిలేస్తాను.

వంశధార గట్టు (గుణుపురం)

అందరికీ దణ్ణం. నిన్న మిగతా కుటుంబాలతో కూర్చున్నాం. ఇప్పటికి బోర్డు లేదు, బడి లేదు. అమ్మాయి బళ్లోనే ఉంటుంది. ఆదివారాలూ సెలవుల్లోనే తోట. రోజులో ఒక్క గంట మాత్రం చదవడం, రాయడం తప్పనిసరి, ఎవరి ఇంటి భాషలో వాళ్లకి. అక్కా, ఇది మీకు నచ్చదని తెలుసు, మా ఆవిడకూ నచ్చలేదు. మిగతా వేళంతా పిల్లల ఇష్టం. తోట పక్క గూడెం పిల్లలు వస్తే ఫీజు వద్దని నలుగురం ఒప్పుకున్నాం, ఒకరు ఇంకా ఒప్పుకోలేదు. ఆయన్ని అడుగుతూనే ఉంటాం.

పుట్టాసింగి అన్నా, సవర, తెలుగు రెండూ వచ్చిన మనిషి మాకు కావాలి. జీతం ఇస్తాం. మీ ఎరికలో ఎవరైనా ఉంటే ఇక్కడే చెప్పండి. వానాకాలం పాముల భయానికి తోటలో ఏం చేయాలో కూడా చెప్పండి, అది మాలో ఎవరికీ తెలియదు.