టూల్స్‌కి డబ్బు కట్టాలా, అన్నీ ఓపెన్ సోర్సేనా?

సిల్క్‌బోర్డ్ బాధితుడు:
మా ఆఫీసు బెల్లందూరులో, 300 మందిమి ఉంటాం. ప్రోగ్రాముల్ని కంటైనర్లనే ప్యాకెట్లలో నడిపే డాకర్ డెస్క్‌టాప్, కోడ్ రాసే ఎడిటర్ ఇంటెల్లిజె, ఈ రెండింటి లైసెన్సులూ ఆపేసి ఓపెన్ సోర్స్‌కి, అంటే కోడ్ ఎవరైనా చూసి, మార్చుకుని వాడుకోగల టూల్స్‌కి మారిపొమ్మంటున్నారు. ఖర్చు తగ్గుతుందట. ఏమంటారు?

ఉచితానందం:
మంచిదేగా! డాకర్ డెస్క్‌టాప్ 2021 దాకా అందరికీ ఫ్రీ, ఆ తర్వాత ఉద్యోగులు 250 దాటినా, ఏడాది ఆదాయం కోటి డాలర్లు దాటినా కట్టాల్సిందే అన్నారు. ఓపెన్ సోర్స్ అయితే ఈ టెన్షనే ఉండదు.

మడివాళ మావయ్య:
ఉండదా? మరి సర్వర్లని కోడ్‌తో ఏర్పాటు చేసే టెర్రాఫామ్ సంగతేంటండీ? ఎంపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సుతో ఏళ్ల తరబడి నడిచినదాన్ని 2023 ఆగస్టులో దాని కంపెనీ హాషికార్ప్ బీఎస్ఎల్ అనే లైసెన్సుకి మార్చేసింది. కోడ్ కనిపిస్తుంది, కానీ వాళ్లకి పోటీగా సర్వీసు పెట్టి అమ్ముకోకూడదు. ప్రాజెక్టు అంతా ఒక్క కంపెనీ చేతిలో ఉంటే ఇంతే. కాకపోతే పాత వెర్షన్ ఎంపీఎల్‌లోనే ఉంది కాబట్టి జనం దాన్ని పట్టుకుని ఓపెన్‌టోఫు మొదలుపెట్టారు, అదిప్పుడు లినక్స్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ కింద ఉంది. అసలు కోడే ఇవ్వని టూల్ అయితే ఆ దారి కూడా ఉండేది కాదు. అందుకే బిల్డు (కోడ్‌ని ప్రోగ్రాముగా మార్చడం), డిప్లాయ్‌మెంట్ (దాన్ని సర్వర్లలో పెట్టడం) లాంటివి, లేకపోతే పని ఆగిపోయేవి, ఓపెన్ సోర్స్‌లోనే ఉండాలంటాను, అదీ ఫౌండేషన్ చేతిలో ఉన్నవైతే మరీ మేలు. ఎడిటర్‌కి అంత పట్టింపెందుకు? ఇంటెల్లిజె చేసే జెట్‌బ్రెయిన్స్‌కి ఏడాది కట్టి మానేసినా ఆ ఏడాది మొదట్లో ఉన్న వెర్షన్ మనకి ఎప్పటికీ ఉంటుంది, మన ఫైళ్లు ఇంకెందులోనైనా తెరుచుకుంటాయి. రీఫాక్టరింగ్‌లో, అంటే కోడ్ చేసే పని మారకుండా దాన్ని సర్దుకోవడంలో, రోజూ అరగంట మిగిలితే కట్టొచ్చు, ట్రాఫిక్‌లో పోయేది చాలదా!

ఉచితానందం:
మైక్రోసాఫ్ట్ వాళ్ల ఫ్రీ ఎడిటర్ వీఎస్ కోడ్ ఉండగా డబ్బెందుకు మావయ్యా? అది ఓపెన్ సోర్సే కదా.

మడివాళ మావయ్య:
సోర్స్ ఎంఐటీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సే. మనం డౌన్‌లోడ్ చేసుకునేది మాత్రం మైక్రోసాఫ్ట్ సొంత లైసెన్సుతో వస్తుంది. వాళ్ల పైథాన్ ఎక్స్‌టెన్షన్ పైలాన్స్‌ని, అదే సోర్స్‌తో వేరేవాళ్లు తయారుచేసిన వీఎస్‌కోడియంలో వాడతానంటే దాని లైసెన్సు ఒప్పుకోదు.

సిల్క్‌బోర్డ్ బాధితుడు:
ఇంటెల్లిజె ఉంచమని అడుగుతా. డాకర్ డెస్క్‌టాప్ బదులు అదే పని చేసే ఓపెన్ సోర్స్ టూల్ పోడ్‌మ్యాన్?

మడివాళ మావయ్య:
పెట్టండి. మిగిలిన డబ్బులో కొంత మీరు వాడే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి పంపమనండి. మన బెంగళూరు స్టాక్ బ్రోకర్ కంపెనీ జెరోధానే 2024లో ఫ్లాస్ ఫండ్ పెట్టి ఏడాదికి 10 లక్షల డాలర్లు కేటాయించింది.

సిల్క్‌బోర్డ్ బాధితుడు:
విరాళం అంటే మా ఫైనాన్స్ వాళ్లు ఫైలు కూడా తెరవరు.

మడివాళ మావయ్య:
సపోర్ట్ కాంట్రాక్టు అమ్మే ప్రాజెక్టుని చూసుకుని, ఆ పేరుతో అడగండి. దానికైతే సంతకం పెడతారు.