శుభలేఖ కవర్లు రాస్తూ మా అత్తయ్య పేరు దగ్గర ఆగిపోయాం, ఎలా రాయాలి?

తెనాలి చెల్లాయి:

మా అక్క పెళ్ళి మాఘమాసంలో. ఇంట్లో చేతిరాత కాస్త కుదురుగా ఉన్నది నాకేనని కవర్ల పని నా నెత్తిన పెట్టారు. నాలుగు మూలలా పసుపు పెట్టడం అమ్మ వంతు, జాబితా చదవడం నాన్న వంతు. జాబితా అంటే మా బాబాయి పెళ్ళినాటి నోటుబుక్కు. తాతయ్య రాతలో సగం పేర్ల ముందు 'మ.రా.రా.శ్రీ' అని ఉంది. ఆ మహారాజరాజశ్రీలందర్నీ ఉత్త 'శ్రీ'లుగా దించడానికి నాన్న పేచీ పెట్టలేదు. పేచీ అంతా మా మేనత్త కవరు దగ్గరే.

మావయ్య కరోనాలో పోయారు. అత్తయ్య చీరాలలో సొంతింట్లోనే ఉంటోంది. టీచరుగా చేసి రిటైరైంది, పెన్షనొస్తుంది, కరెంటు బిల్లూ ఇంటిపన్నూ ఆవిడ పేరు మీదే. బావ ఉండేది బెంగళూరులో. అయినా కవరు మీద బావ పేరే రాయమంటారు నాన్న. "ఇంటికి మగదిక్కు వాడేగా" అని. మా బంధువుల్లో పద్ధతులు బాగా తెలిసిన ఒకావిడ ఉన్నారు, ఆవిడేమో 'గం.భా.' అని పెట్టి అత్తయ్య పేరు రాయమన్నారు. గంగాభాగీరథీ సమానురాలైన అట. వినడానికి గొప్పగానే ఉంది గానీ, ఈవిడకి భర్త లేడని పోస్టుమాన్‌తో సహా అందరికీ చాటినట్టే కదా! నాకైతే 'శ్రీమతి' అని ఆవిడ పేరు రాసేద్దామని ఉంది. తప్పవుతుందా?

పన్లో పని, ఇంకో మూడు. పెదనాన్న గారింట్లో కింద వాటాలో పెదనాన్న, చిన్నన్నయ్య వాళ్ళు, పై వాటాలో పెద్దన్నయ్య వాళ్ళు. ఒక కార్డు చాలా? నా స్నేహితురాలు పెళ్ళయినా ఇంటిపేరు మార్చుకోలేదు, 'శ్రీమతి & శ్రీ' అని వాళ్ళాయన ఇంటిపేరు తగిలిస్తే ఊరుకోదు. ఆఖరిది, కవర్లు బంగారు రంగువి, తళతళలాడుతున్నాయి. జెల్ పెన్ను ఆరట్లేదు. మా పెదనాన్న పేరు ఇప్పటికే నా మోచేతి మీద ఉంది.

పాత పోస్టుమాస్టరు:

అమ్మాయ్, పద్ధతుల సంగతి పెద్దవాళ్ళు చెబుతారు, నేను బట్వాడా సంగతి చెబుతాను. కవరు మీద ఎవరి పేరుంటే పోస్టుమాన్ వాళ్ళ కోసమే వెతుకుతాడు. బెంగళూరులో ఉండే మీ బావ పేరు చీరాలలో కొత్తగా వచ్చిన పోస్టుమాన్‌కి ఏం తెలుస్తుంది? పక్కింటివాళ్ళని అడిగితే "అలాంటివాళ్ళెవరూ ఇక్కడ లేరు" అంటారు. కార్డు తిరిగి తెనాలి వచ్చేసరికి పెళ్ళయిపోతుంది. అందుకే పింఛను ఎవరి పేరు మీద వస్తుందో ఆ పేరు రాయి.

పాత నోటుబుక్కు అన్నావు గనక ఇంకో మాట. చీరాల అప్పుడు ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. తెలంగాణ వైపు చుట్టాలకు ఇంకా 'ఆం.ప్ర.' అనే ఉండి ఉంటుంది, చూసుకో. జిల్లాలు మారినా పిన్‌కోడు అదే, చీరాలకి 523155. పిన్ తప్పు లేకపోతే మిగతాది మావాళ్ళు సర్దుకుంటారు. ఊళ్ళోవాళ్ళకి తెలుగులో నిక్షేపంగా రాయొచ్చు. వేరే రాష్ట్రాలకి వెళ్ళేవాటి మీద చిరునామా ఇంగ్లీషులో రాయి.

బిళ్ళ అంటించే ముందు ఒక కార్డుని కవరుతో సహా తూయించు. నేను రిటైరయ్యేనాటికి ఉత్తరానికి 20 గ్రాముల దాకా 5 రూపాయలు, ఆపైన బరువుని బట్టి ఇంకా. ఇప్పటి కార్డులు అట్టపెట్టెల్లా ఉంటున్నాయి, 5 రూపాయల బిళ్ళతో వెళ్ళవు. తగ్గిన డబ్బు అందుకున్నవాళ్ళ దగ్గర వసూలు చేస్తే మీ పిలుపుకి వాళ్ళు రుసుము కట్టినట్టుంటుంది. ముఖ్యమైనవి రిజిస్టర్ చేద్దామనుకుంటారేమో, 2025 సెప్టెంబరు 1 నుంచి అది స్పీడ్ పోస్టులో కలిసిపోయింది.

తిరుపతికి మొదటి కార్డు పంపారా? శ్రీ వేంకటేశ్వరస్వామి వారికి, కార్యనిర్వహణాధికారి, తి.తి.దే. పరిపాలనా భవనం, కె.టి. రోడ్డు, తిరుపతి 517501. అక్షింతలు, కుంకుమ పంపిస్తారు. అవి పెళ్ళిలోగా చేతికందాలంటే ఇప్పుడే వెయ్యాలి.

ఛత్తా బజార్ ప్రెస్:

మాది కార్డుల దుకాణమే. మెటాలిక్ కవర్ మీద జెల్ పెన్నుతోని అస్సలు రాయకుండ్రి, పూటంత ఆరబెట్టినా అంటుకుంటది. సన్న మొన ఉన్న పర్మనెంట్ మార్కర్ తెచ్చుకోండ్రి, సీడీల మీద రాస్తుంటిమి సూడు, అది. లేకుంటే తెల్ల స్టిక్కర్ మీద రాసి అతికియ్యుండ్రి. స్టిక్కర్ మీద కంప్యూటర్ అక్షరాలు మాత్రం వద్దు, కరెంటోళ్ళు నోటీసు పంపినట్టు కొడుతది.

ఇంకోటి, కార్డులెన్నో కవర్లూ అన్నే అడుగుతరు అందరు. పాడయ్యేది కార్డు కాదు, కవరు. పేరు తప్పు పడుతది, పసుపు మరక ఎక్కువైతది. వందకు పది కవర్లు ఎక్కువ తీస్కోండ్రి.

విజయనగరం పిన్ని:

మా వారు పోయాక మొదట వచ్చిన శుభలేఖ మా అబ్బాయి పేరు మీద వచ్చిందమ్మా. వాడికప్పుడు తొమ్మిదో క్లాసు. 'చి.' అని పెట్టి వాడి పేరు రాసి, కింద 'మరియు కుటుంబం' అన్నారు. అంటే ఆ కుటుంబాన్ని నేనన్నమాట. వాడు ఆ కవరు పట్టుకుని "అమ్మా, నన్ను పెళ్ళికి పిలిచారు, నిన్ను తీసుకెళ్ళనా?" అని వారం రోజులు ఏడిపించాడు. నవ్వుకున్నాం గానీ, ఆ పెళ్ళికి నేను వెళ్ళలేదు.

శ్రీమతి అనే రాయి. ఇంకే ఆలోచనా వద్దు. బ్యాంకు నుంచి ఓటరు చీటీ దాకా అన్నీ నాకు శ్రీమతి అనే వస్తున్నాయి, చుట్టాలకే వస్తుంది ఎక్కడలేని సందేహం.

అసలు సంగతి కవరు కాదు. కుంకుమ భరిణె పట్టుకుని పిలుపులకు వస్తారు చూడు, మా తోటికోడలికి బొట్టు పెట్టి, నా దగ్గరికొచ్చేసరికి చేతులాగి, కార్డు టీపాయ్ మీద పెట్టి "తప్పకుండా రావాలి" అంటారు. మీ అమ్మగారు చీరాల వెళ్తే "బొట్టు పెట్టనా వదినా?" అని నోరు తెరిచి అడగమను. వద్దంటే వద్దు, కొందరికి ఇష్టం ఉండదు. అడగకుండా దాటిపోవడమే బాధ.

కాకినాడ తాత:

గం.భా. అన్నది చిన్నచూపుతో పుట్టిన మాట కాదమ్మా, పెద్దముత్తైదువుల పక్కన ఆవిడకీ ఒక గౌరవం ఉండాలని పెట్టారు. ఆ తల్లి చెప్పింది చదివాక మాత్రం ఇవాళ రాయమని చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

మీ పెదనాన్న గారి సంగతికొస్తే, లెక్క వాటాలది కాదు, పొయ్యిలది. వంట వేరైతే కార్డు వేరు. పైవాటా వాళ్ళు విడిగా వండుకుంటుంటే రెండు కార్డులు. పెద్దాయన చేతికి ముందు ఇచ్చి, ఆ తర్వాతే మెట్లెక్కండి. తలకిందులైందో, వచ్చే పెళ్ళి దాకా వినాలి. వియ్యాలవారి తరఫు పెద్దలకి పోస్టులో పంపకండి. పసుపు, కుంకుమ, తాంబూలంతో చేతికే ఇవ్వాలి. వాట్సాప్ బొమ్మ ఆ తర్వాత ఎంతమందికైనా పంపుకోండి.

మీ స్నేహితురాలికి ఇద్దరి పూర్తి పేర్లూ పక్కపక్కన రాసి 'దంపతులకు' అంటే చాలు. ముందు ఆవిడ పేరు రాయి, స్నేహం ఆవిడతో గదా.

తెనాలి చెల్లాయి:

అందరికీ దండాలు. నాన్నకి ఇదంతా చదివి వినిపించాను. పిన్నిగారు రాసింది విని చాలాసేపు ఏమీ అనలేదు గానీ, పైకి ఒప్పుకున్నది మాత్రం పోస్టుమాస్టరు గారి మాటకే. "అదీ నిజమే, కార్డు తిరిగొస్తే అప్రదిష్ట" అని. ఏ మాటకి ఒప్పుకుంటేనేం.

కవరు మీద శ్రీమతి అని రాసి, ఇంటిపేరుతో అత్తయ్య పూర్తి పేరు, కింద చీరాల, బాపట్ల జిల్లా అని రాశాను. ఇంత గొడవ పడి చివరికి దాన్ని పోస్టు చెయ్యడం లేదు. ఆదివారం అమ్మా నాన్నా వెళ్ళి ఇచ్చి వస్తారట. అమ్మ అడుగుతానంది, బొట్టు సంగతి.

పెదనాన్న గారింట్లో పొయ్యిలు రెండేనని తేలింది, గ్యాస్ బండలు మాత్రం మూడున్నాయట. రెండు కార్డులే రాశాను. ప్రెస్ అన్నా, మార్కరు దొరికింది గానీ మొన లావుగా ఉంది, పొడుగు ఇంటిపేర్లు కవరు దాటిపోతున్నాయి. సన్న మొన అంటే దాని మీద ఏ నంబరు చూడాలి?

ఛత్తా బజార్ ప్రెస్:

0.5 చూడుండ్రి. అయినా పట్టకుంటే ఇంటిపేరు ఒక లైను, పేరు ఇంకో లైను.