బొండాం నీళ్లు బీపీకి మంచివైతే కిడ్నీ రోగికి ఎందుకు వద్దంటున్నారు?

కాలవగట్టు, అమలాపురం
మా అమ్మగారు చాలా ఏళ్లుగా రక్తపోటుకు టెల్మిసార్టాన్ మాత్ర వేసుకుంటున్నారు. ఈ మధ్య చేయించిన పరీక్షలో మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ 1.9, రక్తంలో పొటాషియం 5.6 వచ్చాయి; రెండూ ఉండవలసినదానికన్నా ఎక్కువేనట. కాగితం చూసిన వెంటనే డాక్టరుగారు బొండాలు, అరటిపండ్లు, ఇంట్లో వాడుతున్న ‘లో సోడియం’ ఉప్పు మానేయమన్నారు. పెరటి చెట్టు బొండాం రోజూ మధ్యాహ్నం కొట్టించుకుని తాగడం ఆవిడకు అలవాటు. అది బీపీకి మంచిదని ఇదివరకు చెప్పినవారూ డాక్టర్లే. వీటిలో ఏ మాట పట్టుకోవాలో, ఇంట్లో ఇలాంటి పరిస్థితి చూసినవారు వంట ఎలా మార్చుకున్నారో చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పథ్యం, రాజమహేంద్రవరం (విశ్రాంత డైటీషియన్)
రెండు మాటలూ నిజమేనండి; ఏది ఎవరికన్నది వారి మూత్రపిండాల స్థితిని బట్టి ఉంటుంది. ఉప్పు ఎక్కువైతే శరీరం సోడియంతో పాటు నీటినీ పట్టి ఉంచుకుంటుంది, రక్తం పరిమాణం పెరుగుతుంది, దానితో పోటూ పెరుగుతుంది. ఆహారంలో పొటాషియం తగినంత ఉన్నప్పుడు మూత్రపిండాల్లోని సూక్ష్మనాళికలు ఎక్కువ సోడియంను మూత్రంలోకి వదిలేస్తాయి. పొటాషియం తగ్గితే అదే సోడియంను వెనక్కి లాక్కుంటాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు ఉప్పు 5 గ్రాములకు మించకుండా, పొటాషియం 3,510 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసుకోమంటుంది.

అయితే తిన్న పొటాషియంలో అధికభాగాన్ని బయటికి పంపవలసినవీ మూత్రపిండాలే. అవి బలహీనపడితే అది రక్తంలో నిలిచిపోతుంది, టెల్మిసార్టాన్ వంటి మాత్రలు ఆ నిల్వను మరికొంత పెంచుతాయి. మితిమీరిన పొటాషియం గుండె లయను దెబ్బతీస్తుంది. తరచు ముందుగా ఏ లక్షణమూ కనిపించదు కూడా.

బొండాం నీళ్లలో 100 మి.లీ.కి సుమారు 200 నుంచి 250 మి.గ్రా. పొటాషియం ఉంటుంది కనుక పెద్ద బొండాం ఒక్కటే 600 దాటిస్తుంది. నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ‘లో సోడియం’ ఉప్పు రోజంతటి వంటలో ఒక చెంచాడు, అంటే 5 గ్రాములు, పడితే అందులోనూ దాదాపు 650 మి.గ్రా. ఉంటుంది. అంటే ఆ ఉప్పు వాడే ఇంట్లో మీ అమ్మగారు తెలియకుండానే రెండో బొండాం తాగుతున్నట్టే లెక్క.

ఇలాంటి ఉప్పు చెడ్డదని నా ఉద్దేశం కాదు. చైనాలో 600 గ్రామాల్లో దాదాపు 21 వేల మందిపై జరిపి 2021లో ప్రచురించిన అధ్యయనంలో, దీన్ని వాడినవారిలో పక్షవాతం 14 శాతం తగ్గింది. కానీ తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవారిని అందులో చేర్చుకోలేదు. మన దుకాణాల్లో ప్యాకెట్ మీద గుండె బొమ్మ పెద్దగా, కిడ్నీ హెచ్చరిక సన్నగా ఉండడం నాకు మొదటినుంచీ నచ్చని విషయం.

అరటితోట, రావులపాలెం
నాకు బీపీ ఉంది, క్రియాటినిన్ మామూలుగానే ఉంది. చక్కెరకేళి రోజూ తింటాను, డాక్టరుగారు అభ్యంతరం చెప్పలేదు. మాన్పించింది అప్పడాలు, ఊరమిరపకాయలు, ఉప్పుచేప.

కందబచ్చలి, పాలకొల్లు
మా మామగారు డయాలసిస్‌లో ఉన్నారు కనుక ఈ వంట నాకు రోజూ ఉండే పనే. కంద, చేమదుంప, అరటికాయ వంటివాటిని చెక్కు తీసి పల్చగా తరిగి, ముక్కలు బాగా మునిగి తేలేటన్ని నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లన్నీ వార్చేసిన తరువాతే పోపులో వేస్తాను. పొటాషియంలో చాలాభాగం ఆ నీళ్లతోనే పోతుంది. ఆవిరిమీద ఉడికించినా, కుక్కర్లో కొద్దినీళ్లు పోసి పెట్టినా ఈ ప్రయోజనం ఉండదు. ఉడికించిన నీళ్లు వృథా ఎందుకని పులుసులో పోసే అలవాటు మన ఇళ్లలో ఉంది, ఆ ఒక్కటీ మానాలి.

ఆవకాయ సంగతి వేరు. జాడీలో ఉప్పు తగ్గిస్తే పచ్చడి బూజు పడుతుంది కనుక తగ్గించవలసింది కంచంలోనే. ముద్దపప్పులో ఉప్పు అసలు వేయకుండా వండి, పక్కన గోటంత ఆవకాయ పెడితే ఆ పచ్చడిలోని ఉప్పే ముద్దకు సరిపోతుంది. పెరుగన్నంలోనూ ఉప్పు వేయను. మామగారు మొదట్లో కంచం నెట్టేశారు, ఇప్పుడు అడగడం మానేశారు.

లంకగాలి, ముమ్మిడివరం
సైంధవ లవణం వాడితే సరిపోదా అండి? మా బంధువులు బీపీకి అదే మంచిదంటున్నారు.

పథ్యం, రాజమహేంద్రవరం
సరిపోదండి. అదీ ప్రధానంగా సోడియం క్లోరైడే, పైగా చాలావాటిలో అయోడిన్ కలిపి ఉండదు.

సముద్రపుటంచు, సఖినేటిపల్లి
శివారు ఊళ్లవాళ్లం నీళ్ల సంగతి కూడా చూసుకోవాలి. మా వైపు బోరునీళ్లు ఉప్పన. నీటిలో సోడియం లీటరుకు సుమారు 200 మి.గ్రా. దాటితేనే నాలుకకు తెలుస్తుందంటారు కనుక, అలా తెలిసే నీళ్లు మూడు లీటర్లు తాగితే 600 మి.గ్రా., అంటే గ్రామున్నర ఉప్పు, తిండితో సంబంధం లేకుండానే లోపలికి వెళ్తుంది. అన్నం, పప్పు ఆ నీళ్లతోనే ఉడికితే అది అదనం. మా ఇంట్లో వంటకూ తాగడానికీ మంచినీళ్ల చెరువు నీళ్లే మరగబెట్టి వాడుతున్నాం.

కాలవగట్టు, అమలాపురం
అందరికీ కృతజ్ఞతలు. ఆ ఉప్పు ఈ రోజే తీసేశాను. పాలు, పెరుగు కూడా ఆపాలా? మాత్ర ఆపి చూడమని ఒకరు అంటున్నారు.

పథ్యం, రాజమహేంద్రవరం
మాత్రను సొంతంగా ఆపవద్దు. బీపీ పెరిగితే మూత్రపిండాలు మరింత దెబ్బతింటాయి. మోతాదు మార్చడం డాక్టరుగారి పని. పాలు, పెరుగులో పొటాషియం, దానిలాగే మూత్రపిండాలు బయటికి పంపవలసిన భాస్వరం రెండూ ఉంటాయి కనుక ఎంత తీసుకోవచ్చో ఆయన్నే అడగండి. వాటికన్నా ముందు కూల్‌డ్రింకులు, ప్యాకెట్ మాంసాలు మానడం మేలు, ఎందుకంటే వాటిలో కలిపే ఫాస్ఫేటు రూపంలోని భాస్వరాన్ని శరీరం దాదాపు మొత్తంగా పీల్చుకుంటుంది, పప్పుధాన్యాల్లోని భాస్వరాన్ని అంతగా పీల్చుకోదు.

పొటాషియం మళ్లీ ఎప్పుడు చూడాలో డాక్టరుగారిని అడిగి, ఆ పరీక్షకు రక్తం ల్యాబులోనే ఇప్పించండి. ఊళ్లో తీసిన నమూనా పట్నం చేరడానికి గంటలు పడితే, లేదా సీసాలో రక్తకణాలు చిట్లితే, కణాల్లోని పొటాషియం బయటికి వచ్చి అంకె ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. రక్తం తీసేటప్పుడు పిడికిలి పదేపదే బిగించవద్దని కూడా అమ్మగారికి చెప్పండి.