అప్‌డేట్: సెయింట్ మోరిట్జ్ స్పా హోటల్ సౌనాలో స్విమ్‌సూట్ సందేహం తీరింది

స్విట్జర్లాండ్‌ మంచుకొండల ఊరు సెయింట్ మోరిట్జ్‌లోని పాతకాలపు ప్యాలెస్ హోటల్ సౌనాలోకి (చెమట పట్టేందుకు కూర్చునే చెక్క వేడిగది) స్విమ్‌సూట్‌తో వెళ్లొచ్చా అని అడిగాను కదా, జవాబిచ్చిన అందరికీ ధన్యవాదాలు. ముందే స్పాకి మెయిల్ పెట్టమన్న సలహాయే పనిచేసింది.

కొలనులో స్విమ్‌సూట్ తప్పనిసరి, సౌనాలో కూడదు. 80–90 డిగ్రీల వేడికి బట్టలోని క్లోరిన్ గదంతా వ్యాపిస్తుందట. ఒక టవల్ చుట్టుకుని, చెమట చెక్క బల్లకు అంటకుండా ఇంకోటి పాదాల కిందిదాకా పరుచుకోవాలి. ఆడవాళ్లకు వేరే సౌనా ఉంది, అది నిజంగా పెద్ద ఊరట.

ఊరు 1,800 మీటర్ల పైన, గాలి పొడి. స్కీయింగ్ నుంచి రాగానే లోపలికి వెళ్లకండి. ముందు అరలీటరు నీళ్లు తాగి, విడతకు 10 నిమిషాలే కూర్చోండి. తర్వాత చన్నీళ్ల స్నానం, 15 నిమిషాల విశ్రాంతి.

బాత్‌రోబ్, చెప్పులు మోసుకెళ్లక్కర్లేదు, గదిలోనే పెట్టారు.