సమస్యాపూరణం: బంతిఁ జేతఁ బట్టి బహుమతిఁ గొనె

నిర్వాహకుడు: ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం.

*బంతిఁ జేతఁ బట్టి బహుమతిఁ గొనె*

ఫుట్‌బాల్‌లో బంతికి చెయ్యి తగిలితే తప్పు. అలాంటిది, చేత పట్టినవాడికి బహుమతి ఎలా వచ్చింది? ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డోర్ (అంటే బంగారు బంతి) చుట్టూ పూరించండి. 1956లో ‘ఫ్రాన్స్ ఫుట్‌బాల్’ పత్రిక మొదలుపెట్టిన పురస్కారమిది. తొలి విజేత స్టాన్లీ మాథ్యూస్‌కు అప్పటికి 41 ఏళ్లు.

పాలపిట్ట:

నల్లయంగిఁ దొడిగి నడయాడు సాలీడు
గోలుకడ్డు నిలిచెఁ గోటగోడ
మాస్కొ జట్టువాఁడు మహనీయ యాషిను
బంతిఁ జేతఁ బట్టి బహుమతిఁ గొనె

ఇసుకతిన్నె:

దేవుఁ డిచ్చె ననుచుఁ దెచ్చిన గోలుతో
నాంగ్లజట్టు గుండె నదరఁగొట్టె
మారడోన యపుడు మెక్సికో నగరిలో
బంతిఁ జేతఁ బట్టి బహుమతిఁ గొనె

మామిడిపిందె:

పేదవాడ నుండి పెరిగి వచ్చిన జార్జి
మిలను జట్టు చేరి మేటి యయ్యెఁ
గాలిచెంత నాడి కనకమై పోయిన
బంతిఁ జేతఁ బట్టి బహుమతిఁ గొనె

నిర్వాహకుడు: మామిడిపిందె గారూ, మూడో పాదం చదివి కాసేపు ఆగిపోయాను. కాలి దగ్గర ఆడిన బంతే బంగారమై చేతికొచ్చింది! సమస్యలోని చిక్కు ఒక్క మాటతో విడిపోయింది. 1995 దాకా ఈ పురస్కారం ఐరోపావాళ్లకే. ఆ గీత చెరిపేసిన ఏడాదే లైబీరియా బిడ్డ జార్జ్ వియా గెలిచాడు. పురుషుల్లో ఇప్పటికీ ఆఫ్రికా నుంచి ఆయనొక్కడే. ఇటలీ జట్టు ‘మిలాను’ను ‘మిలను’ చేయడం మాత్రం నా చెవికి కొంచెం గుచ్చుకుంది.

మామిడిపిందె: ‘మిలాను’ అంటే మొదటి గణమే చెడుతుంది మాస్టారూ. అన్యదేశ్యం కదా అని కుదించాను.

నిర్వాహకుడు: సరే, ఒప్పుకుంటాను. ఇసుకతిన్నె తమ్ముడూ, ఎత్తుగడ బాగుంది. మూడో పాదంలో మా–మె యతి చెల్లదు. ఇలా మార్చి చూడు:

మెక్సికోన నాఁడు మెరసిన డియెగోయె

యతి కుదిరినా అసలు చిక్కు అర్థంలో ఉంది. 1986 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ మీద డియెగో మారడోనా ‘దేవుడి చెయ్యి’ అన్న ఆ గోల్‌కు బంతిని చేత్తో తట్టాడు, పట్టలేదు. ఆయనకొచ్చింది కూడా ప్రపంచకప్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే బంగారు బంతి, అది వేరు. ఏటా ఇచ్చేదానికి అప్పట్లో అర్జెంటీనావాడు అర్హుడే కాదు.

పాలపిట్ట: నా పద్యం సంగతి?

నిర్వాహకుడు: సమస్యకు సూటిగా తగిలింది మీదే. చేత్తో పట్టే హక్కున్నవాడు గోల్‌కీపరొక్కడే. ‘నల్ల సాలీడు’ అని పేరున్న సోవియట్ కీపర్ లెవ్ యాషిన్‌కు 1963లో వచ్చింది, ఆ తర్వాత మరే కీపరుకూ రాలేదు. 2006లో ఇటలీ కీపర్ బఫన్ రెండో స్థానంలో ఆగాడు, 2014లో జర్మనీ కీపర్ నోయర్ మూడో స్థానంలో. గోల్ వేసినవాణ్ణి గుర్తుపెట్టుకున్నట్టు ఆపినవాణ్ణి పెట్టుకోరన్న బాధ నాకెప్పుడూ ఉంది. 2019 నుంచి కీపర్లకు యాషిన్ పేరనే విడిగా ట్రోఫీ ఇస్తున్నారు, అయినా అది బంగారు బంతి కాదుగా! ఇక మీ పద్యంలో ‘మహనీయ’ యతి కోసం వచ్చి కూర్చుంది. తీసేయండి.

పాలపిట్ట: ఇలా అయితే?

మాస్కొ జట్టువాఁడు మడమ తిప్పనివాఁడు

పేరు పోయింది మరి.

నిర్వాహకుడు: పోనీయండి. నల్లయంగి, సాలీడు, మాస్కో... ఇంకెవరనుకుంటారు?

ఇసుకతిన్నె: ‘డియెగోయె’ తీసుకుంటున్నాను మాస్టారూ. తట్టడానికీ పట్టడానికీ తేడా దగ్గర మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఈ పాదం యాషిన్‌దే.