ఫుల్ ట్యాంక్ కొట్టిస్తే ఇంట్లో పెట్రోల్ వాసన, కింద చుక్క లేదు. ఎక్కడ పోతున్నట్టు?

ప్రశ్న (శ్రీకాకుళం): అన్నలూ, నాది బీఎస్ 6 స్కూటర్. ఆదివారం బంకులో పెట్రోల్ గన్ దానంతటదే ఆగిపోయాక కూడా మూత అంచుదాకా పోయించి అరసవల్లి వెళ్ళాను. గుడి దగ్గర రెండు గంటలు ఎండలోనే ఉంది. రాత్రి వరండాలో పెడితే ఇల్లంతా వాసన. మెకానిక్ చూసి "ఈ నల్ల డబ్బా వల్లే, పీకేద్దాం" అంటున్నాడు. పీకించేదా?

జవాబు: వద్దు తమ్ముడూ. అది క్యానిస్టర్, లోపలుండేది యాక్టివేటెడ్ బొగ్గు. ఎండకి ట్యాంకులో లేచే ఆవిరి పైపులోంచి వచ్చి ఆ బొగ్గుకి అంటుకుంటుంది. ఇంజిన్ నడిచేటప్పుడు ఆ పీల్పుకి బొగ్గులోంచి గాలి వెళ్తూ ఆవిరిని కూడా లాక్కుపోతుంది, లోపల మండిపోతుంది. అంటే అది నీ డబ్బులు పెట్టి కొన్న పెట్రోలే. నువ్వు గొంతుదాకా పోయించావు కదా, ఎండకి వ్యాకోచించడానికి చోటు లేక ఆవిరి వెళ్ళే దారిలోకి పెట్రోలే దిగి ఉంటుంది. తడిసిన బొగ్గు ఇంక ఆవిరిని పట్టదు.

ముందు మూత కింద రబ్బరు వాషర్ చూడు. పగిలినా, గట్టిపడినా అదే మార్చు. తర్వాత పైపులు, క్లిప్పులు. అన్నట్టు, బండి వరండాలోంచి బయట పెట్టు. పెట్రోల్ ఆవిరి గాలికన్నా బరువు, నేలబారునే పాకుతుంది. అగ్గిపుల్ల గీసి వెతికే పని మాత్రం పెట్టుకోకు!

ఇంకొకరు (విజయనగరం): నాకు దీనికి ఎదురు. పాత బైక్, సాలూరు ఘాట్ ఎక్కుతుంటే ఆగిపోయేది. మూత తిప్పితే సుయ్యిమని గాలి లోపలికి పీల్చుకునేది, వెంటనే స్టార్ట్. విప్పి చూస్తే ట్యాంకులోకి గాలి వెళ్ళే గొట్టంలో కందిరీగ పెట్టిన మట్టి గూడు!

జవాబు: అదీ అంతే బావూ. పెట్రోల్ తగ్గేకొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి కదా. రాకపోతే లోపల వాక్యూమ్, ఇంజిన్‌కి పెట్రోల్ దిగదు. ఎండలో మూత తీస్తే కాస్త బుస్సుమనడం మాత్రం మామూలే.

ప్రశ్న వేసినవారు: వాషర్ బాగానే ఉంది. డబ్బా పైపు పీకితే నాలుగు చుక్కలు రాలాయి. కొత్తది వేయించాను, వాసన పోయింది. ఇప్పుడు గన్ టక్కుమనగానే ఆపమంటున్నా. బంకు కుర్రాడే, "రౌండ్ ఫిగర్ చేసేద్దామండి" అంటున్నాడు.